ఆల్‌ఫ్రెడ్ ఫ్లాటో అరచేతులు

సభకు నమస్కారం.

మీలో పారలల్ బార్స్, అంటే పక్కపక్కనే సమాంతరంగా ఉండే రెండు కడ్డీలు, ఎక్కినవాళ్లు ఎంతమంది? మా హైస్కూల్ మైదానంలో ఓ జత ఉండేది. మొదటిరోజు చేతుల మీద ఒళ్లు నిలిపి నాలుగడుగులు వేసేసరికి భుజాలు వణికాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. అందుకే ఆల్‌ఫ్రెడ్ ఫ్లాటో పేరు వింటే నాకు ముందు ఆయన అరచేతులే మనసులో మెదులుతాయి.

1896 ఏప్రిల్, ఏథెన్స్, తొలి ఆధునిక ఒలింపిక్స్. పాలరాతి మెట్ల పానథినాయిక్ స్టేడియం. ఇప్పటిలా నాలుగు గోడల మధ్య కాదు, ఆరుబయట పోటీ. డాన్‌జిగ్‌లో పుట్టిన ఈ 26 ఏళ్ల జర్మన్ యూదు యువకుడు పారలల్ బార్స్‌లో మొదటివాడుగా నిలిచాడు. స్విట్జర్లాండ్ ఆటగాడు లూయీ జుటర్ రెండోవాడు. ఎత్తున అడ్డంగా ఉండే ఒంటి కడ్డీ, హారిజాంటల్ బార్‌లో మాత్రం ఫ్లాటోకి రెండో స్థానమే, గెలిచింది సొంత జట్టువాడు హెర్మన్ వైన్‌గార్ట్‌నర్. రెండు జట్టు పోటీలూ జర్మనీవే. ఉన్నమాట చెప్పుకోవాలి, హారిజాంటల్ బార్ జట్టు పోటీకి ఇంకెవరూ దిగలేదు. గెలిచినవాళ్లకు అప్పుడిచ్చింది వెండి పతకం, ఓ ఆలివ్ కొమ్మ.

మరి ఊళ్లో మేళతాళాలతో ఎదురొచ్చారా? లేదు. అసలు వెళ్లడమే తప్పన్నారు. జర్మన్ వ్యాయామం జర్మన్ల కోసమే, పరాయి దేశాలతో పందేలేమిటన్నది అక్కడి వ్యాయామ సమాఖ్య పట్టుదల. విల్లీబాల్డ్ గెబ్‌హార్ట్ అనే బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త పూనుకోబట్టే జట్టు బయల్దేరింది. తిరిగొచ్చాక ఆ జట్టులో చాలామందిని సమాఖ్య పోటీలకు దూరం పెట్టింది. దేశం పేరు నిలిపినందుకు శిక్ష! నాకిప్పటికీ మింగుడుపడదు.

హిట్లర్ వచ్చాక జరిగిన దానికి ఇది ఏపాటి? దశాబ్దాలుగా తనదనుకున్న వ్యాయామ సంఘం, యూదుడివి కనుక తప్పుకోమంది. 1942 అక్టోబరులో, 73 ఏళ్ల ముసలాయన్ని తెరెజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. డిసెంబరు 28న అక్కడే పోయారు. ఏథెన్స్ జట్టులో ఆయనతో కలిసి ఆడిన బంధువు గుస్టావ్ ఫీలిక్స్ ఫ్లాటో నెదర్లాండ్స్‌కు పారిపోయినా తప్పించుకోలేకపోయాడు. 1945 జనవరిలో అదే శిబిరంలో ప్రాణం విడిచాడు.

బెర్లిన్‌లో ఒలింపిక్ స్టేడియం దగ్గర ఓ వీధి ఉంది. దాని పాత పేరు 1936 ఒలింపిక్స్ కోసం నాజీలు కట్టించిన క్రీడా ప్రాంగణానిది. 1997లో ఆ పేరు తీసేసి ఫ్లాటోఆలే అని పెట్టారు, ఇద్దరి పేరు మీదా.