ఆవకాయ గిన్నె అతిథుల ముందు పెట్టకండి!

హాయ్ అండీ, అందరికీ నమస్తే! యూకేలో ఉంటూ ఆఫీసువాళ్లనో, పక్కింటివాళ్లనో భోజనానికి పిలవాలనుకునేవాళ్ల కోసమే ఈ వీడియో.

ఇక్కడివాళ్లకి ఇండియన్ ఫుడ్ కొత్తేం కాదు. 1810లోనే లండన్‌లో షేక్ దీన్ మహమ్మద్ హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకమనేశాడు. కాకపోతే వాళ్లెరిగింది ఎక్కువగా సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీయులు నడిపే కర్రీ హౌసుల మెనూ. అక్కడ కూర పేరే కారానికి కొలత. కోర్మా చప్పన, మద్రాస్ ఘాటు, విందాలూ ఇంకా ఘాటు. అందుకే "కారం తింటారా?" అనడక్కండి, మొహమాటానికి తింటామంటారు. "కర్రీ హౌస్‌లో ఏం ఆర్డర్ చేస్తారు?" అనడగండి. కోర్మా అన్నారంటే పప్పులో పచ్చిమిర్చి మానేసి, పోపులో ఎండుమిర్చి తుంచకుండా వేయండి.

అసలు గొడవంతా ఆవకాయతోనే. కర్రీ హౌస్‌లో అప్పడంతో తియ్యటి మామిడి చట్నీ ఇస్తారు, దాన్ని చెంచాలకొద్దీ వేసుకుంటారు. మన ఆవకాయ చూసినా చెయ్యి అలాగే పోతుంది. కాబట్టి గిన్నె వంటింట్లోనే ఉంచండి. వేడన్నంలో ముద్దపప్పు, చెంచా నెయ్యి, పావు చెంచా ఆవకాయ గుజ్జు వేసి మీరే కలిపివ్వండి. ముక్క మాత్రం వద్దు. టెంక ఉంటుందని తెలీక కసుక్కున కొరికేస్తారు. నోరు మండితే నీళ్లివ్వకండి, కారం నీళ్లలో కరగదు. పెరుగివ్వండి.

అలర్జీల సంగతి పిలిచేటప్పుడే కనుక్కోవాలి. యూకేలో హోటళ్లు తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు, వేరుశనగ, పాలు ఉన్నాయి. అంటే ఆవకాయ, పోపు, నువ్వులపొడి, పులిహోరలో పల్లీలు, నెయ్యి, పెరుగు... మన విస్తరి సగం అదే! ఇళ్లకి ఆ రూలు లేదు, కానీ ఒళ్లు దద్దుర్లెక్కాక రూలుతో పనేముంది? ఇంగువ డబ్బా వెనక కూడా చదవండి. చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు, గ్లూటెన్ పడనివాళ్లకి ఆ చిటికెడైనా వద్దు.

కరివేపాకు, ఎండుమిర్చి ఏరి పక్కన పెట్టాలని ముందే చెప్పండి, లేకపోతే నమిలేస్తారు. ఆఖర్న పెరుగన్నం. తెల్లగా, చల్లగా కనబడేసరికి తియ్యటి రైస్ పుడ్డింగ్ అనుకుంటారు, ఉప్పూ అల్లం తగలగానే మొహం మారిపోతుంది. "ఇది స్వీటు కాదండీ" అని చెప్పి మరీ వడ్డించండి.