గట్టు మీద కునుకు

(ఆదివారం పొద్దున్న ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం పాఠం ఇది. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. డాక్టరు గారు జనరల్ ఫిజీషియన్. కోనసీమలో పుట్టి పెరిగి, డెల్టాలోనే ప్రాక్టీసు చేస్తున్నారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మన విషయం నిద్ర. డాక్టరు గారూ, నిద్ర పట్టడం లేదంటూ మీ దగ్గరికి చాలామంది వస్తారా?

డాక్టర్: నిద్ర కోసమే వచ్చేవాళ్లు తక్కువండి. బీపీ అని వస్తారు, షుగరని వస్తారు. తలనొప్పి, గ్యాస్, పిల్లల మీద ఊరికే అరిచేస్తున్నానని వస్తారు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?" అంటే, దానికీ దీనికీ ఏం సంబంధమన్నట్టు చూస్తారు. మన వైపు రాత్రి మేలుకున్నవాడికి కష్టజీవని పేరు. పదింటికల్లా పడుకుంటే వాడికేం, రాజా అంటారు.

వ్యాఖ్యాత: (నవ్వు) మొదటి కాల్ మొగల్తూరు వైపు నుంచి. చెప్పండి.

రైతు, మొగల్తూరు: నమస్కారమండి. నాలుగెకరాల రొయ్యల చెరువండి నాది, వెన్నామి రకం రొయ్య. పంట వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా నాకు రాత్రి నిద్రనేది లేదండి.

డాక్టర్: గట్టు మీదే పడుకుంటారా?

రైతు: ఆయ్. షెడ్డులో మంచం ఉందండి. మూడు నుంచి అయిదు మధ్యే గండం. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలి అంచులకి వచ్చేస్తాయి. కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగాయంటే వెంటనే జనరేటర్ వెయ్యాలి. అందుకని చెవి ఎప్పుడూ వాటి మీదే ఉంటుందండి. ఆ చప్పుడు ఉన్నంతసేపే కునుకు. చప్పుడు ఆగిందంటే కళ్లు తెరవకముందే కాళ్లు కింద పెట్టేస్తాను.

డాక్టర్: చూడండి, ఎంత చిత్రమో. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రంతా చెరువులో ఉన్న ప్రాణులన్నీ, ఆ నాచుతో సహా, దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చెరువు నీరసపడుతుంది. మన ఒళ్లు కూడా సరిగ్గా ఆ వేళకే బాగా చల్లబడి, బుర్ర మందంగా ఉంటుంది. మీరు ఆ రెండు గంటల్లోనే మెలకువగా ఉండాలంటున్నారు. సరే, పగలు ఎలా ఉంటున్నారు?

రైతు: ఏడింటికి పడుకుంటానండి. తొమ్మిదింటికి మేత కొట్టు నుంచి ఫోను, తర్వాత రేటెంతని ఇంకోడు. పోయిన నెలలో పొద్దున్నే బండి మీద ఇంటికెళ్తూ పంట కాలువలోకి దిగిపోయాను. నీళ్లు తక్కువ ఉండబట్టి బతికాను. మొన్న పరీక్ష చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారండి. మా ఇంట్లో ఎవరికీ లేదు.

డాక్టర్: రెండూ ఒక చోటి నుంచే వచ్చాయి. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడంత మందంగా ఉంటాడని పరీక్షలు పెట్టి చూశారు. మన చట్టం బండి నడిపేవాళ్లకి ఇచ్చిన హద్దు 0.03 శాతం. చుక్క ముట్టకుండానే మీరు హద్దు దాటేశారన్నమాట. ఇక షుగర్ సంగతి. 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వరసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. ఆ కాస్త రోజులకే వాళ్ల ఒళ్లు గ్లూకోజుని సరిగ్గా వాడుకోలేకపోయింది. నిద్ర చాలకపోతే ఆకలి కూడా పెరుగుతుంది. అర్ధరాత్రి షెడ్డులో ఏం తింటారు?

రైతు: (నవ్వు) మిక్చరండి. టీ ఫ్లాస్కు ఉంటుంది.

డాక్టర్: చెరువు వదిలేయమని నేను చెప్పను, పెట్టుబడి ఎంతో నాకు తెలుసు. తోడు ఎవరున్నారు?

రైతు: బావమరిది ఉన్నాడండి. రాత్రి నేను, పగలు వాడు.

డాక్టర్: అదే మార్చండి. రాత్రిని రెండు ముక్కలు చెయ్యండి. తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా ఒకరు. ఎవరి ముక్క వాళ్లకి పంట అయ్యేదాకా మారకూడదు. రోజూ ఒకే వేళకి అయిదు గంటలు పడితే, మిగతా రెండు గంటలు పగలు తీర్చుకోవచ్చు. కరెంటు పోతే మోగే సైరన్ పెట్టించుకోండి, మీ చెవికి ఆ ఉద్యోగం తప్పుతుంది. పగలు పడుకునే గది కిటికీకి నల్ల టార్పాలిన్ కట్టండి, ఫోన్ ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. రాత్రి రెండు దాటాక టీ వద్దు, దాని ప్రభావం సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. బండెక్కే ముందు షెడ్డులో ఓ ఇరవై నిమిషాలు పడుకుని, లేచాక మొహం కడుక్కుని కాసేపు తిరిగి, అప్పుడు బయల్దేరండి. మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష కూడా చేయించండి.

రైతు: రేటు ఫోన్లు ఆవిడకిస్తే ఇక అయినట్టేనండి, నాకంటే బాగా బేరమాడుతుంది.

వ్యాఖ్యాత: అయితే ఇంకా మంచిది. పాలకొల్లు నుంచి ఇంకో కాల్.

గృహిణి, పాలకొల్లు: మేడమ్, నిద్ర పట్టనిది మా ఆయనకి కాదు, నాకండి. ఆయన గురక అలా ఉంటుంది. దిండు మీద తల ఆనిస్తే చాలు, మొదలు. మా అత్తగారైతే "ఒళ్లలసి పడుకున్నాడు, గాఢ నిద్ర" అంటారు.

డాక్టర్: గురక మధ్యలో ఆగుతుందా?

గృహిణి: అదే చెప్పబోతున్నానండి. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి లేదేమోనని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. ఒకసారి లెక్కపెట్టానండి, ఇరవై రెండు దాకా వెళ్లింది. భుజం పట్టి కుదిపేలోపు, నీళ్లలోంచి పైకి వచ్చినవాడిలా ఒక్కసారి గుటుక్కుమని ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలు.

డాక్టర్: వయసెంత? ఏం చేస్తారు? బీపీ ఉందా?

గృహిణి: నలభై ఆరండి. ధాన్యం లారీ నడుపుతారు. బీపీకి రెండు రకాల మాత్రలు వేస్తున్నా దిగట్లేదు. పొద్దున్న తలనొప్పితో లేస్తారు.

డాక్టర్: అమ్మా, చాలావరకు జబ్బు పేరు మీరే చెప్పేశారు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు దాటి ఊపిరి ఆగితే మేం లెక్కలోకి తీసుకుంటాం. ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆయనకి గుర్తుండదు గానీ రాత్రంతా అలా పదులసార్లు, ఒక్కోసారి వందలసార్లు లేస్తూనే ఉంటారు. లేచినప్పుడల్లా బీపీ ఎగురుతుంది. మందులకి లొంగని బీపీ ఉంటే ముందు గురక గురించి అడగాలి. దీన్ని వదిలేస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇది గాఢ నిద్ర అనుకోవడం పొరపాటని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

గృహిణి: ఏం చెయ్యాలండి?

డాక్టర్: ఇవాళ రాత్రి ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తియ్యండి, ఆ ఆగిపోవడం వచ్చేలా. మీరు పది నిమిషాలు చెప్పేదానికంటే డాక్టరుకి అది నయం. ఊపిరితిత్తుల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపిస్తే ఒక రాత్రి నిద్ర పరీక్ష రాస్తారు, కొన్ని రకాలు ఇంట్లోనే చెయ్యొచ్చు. జబ్బు ముదిరితే సీప్యాప్ అని మాస్కుతో గాలి ఇచ్చే మిషన్ ఉంది. మొదటి వారం పెట్టుకోవడానికి చిరాకు పడతారు, తర్వాత వాళ్లే వదలరు. ఈలోపు పక్కకి తిరిగి పడుకోవాలి, బరువు తగ్గించాలి, రాత్రి మద్యం మానాలి. అది గొంతుని ఇంకా వదులు చేస్తుంది. తాగుతారా?

గృహిణి: (కాసేపాగి) శనివారాలండి.

డాక్టర్: అది కూడా ఆపించండి. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. వైద్యం మొదలయ్యేదాకా రాత్రి లోడు వద్దు.

వ్యాఖ్యాత: నరసాపురం నుంచి ఒకావిడ. త్వరగా చెప్పండమ్మా.

నరసాపురం: లేసు అల్లుతానండి. రాత్రి మంచమెక్కగానే కాళ్లలో ఏదో పాకినట్టు, లాగినట్టు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది.

డాక్టర్: ఒంట్లో ఐరన్ తగ్గితే ఇలా రావచ్చు. రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూపించుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగి తాగండి, అది ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు.

వ్యాఖ్యాత: రాజోలు నుంచి రిటైర్డ్ మాస్టారు.

మాస్టారు, రాజోలు: అమ్మా, నాకు డెబ్బై రెండు. తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని కొబ్బరాకుల చప్పుడు వింటూ పడుకోవడమే.

డాక్టర్: పక్క ఎక్కేది ఎన్నింటికి మాస్టారూ?

మాస్టారు: ఎనిమిదింటికి. వార్తలవగానే.

డాక్టర్: మీరు లెక్కలు చెప్పేవారా?

మాస్టారు: తెలుగమ్మా.

డాక్టర్: అయితే లెక్క నేను చెబుతాను. ఎనిమిది నుంచి మూడు దాకా ఏడు గంటలు. మధ్యాహ్నం భోజనమయ్యాక?

మాస్టారు: ఓ గంటన్నర.

డాక్టర్: ఎనిమిదిన్నర అయింది! మీ నిద్రకి లోటు లేదు, వేళే ముందుకి జరిగింది. సాయంత్రం వీధిలో వెలుతురు ఉన్నంతసేపూ తిరగండి. పక్క పదింటికి. మధ్యాహ్నం అరగంట చాలు. మందులేమైనా వాడుతున్నారా?

మాస్టారు: బీపీకి ఒకటి, ఒంట్లో నీరు పోవడానికి ఒకటి. నిద్రకి అల్ప్రాజోలం అర మాత్ర, ఆరేళ్లుగా. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేస్తారు.

డాక్టర్: అలా ఇవ్వకూడదు మాస్టారూ. అట్ట మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది, చూడండి. నెలల తరబడి వాడితే ఒళ్లు అలవాటు పడిపోతుంది. మీ వయసులో దాంతో అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడితే తుంటి విరుగుతుంది. అలాగని ఇవాళ్టి నుంచి మానెయ్యకండి! ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు దగ్గర కూర్చుని వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. నీరు పోయే మాత్ర రాత్రి వేస్తున్నట్టయితే పొద్దున్నకి మార్చవచ్చేమో అప్పుడే అడగండి.

మాస్టారు: రాత్రే వేస్తున్నానమ్మా.

వ్యాఖ్యాత: టైమ్ దగ్గర పడింది. చివరి కాల్, అమలాపురం దగ్గర్నుంచి.

విద్యార్థిని: మేడమ్, డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రి రెండయినా నిద్ర రాదు. చదివింది గుర్తుండట్లేదు. ఫోన్ చూస్తున్నావని అందరూ తిడతారు.

డాక్టర్: చూస్తావా మరి?

విద్యార్థిని: చూస్తాను. అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందండి. అక్కడ పది దాటాకే ఆవిడకి ఖాళీ, మనకి అప్పుడు పన్నెండున్నర. అరగంట మాట్లాడతాం. తర్వాత పడుకుంటే ఏడుపొస్తుంది. అందుకని రీల్స్ చూస్తూ ఉంటాను.

డాక్టర్: (కాసేపాగి) అమ్మతో మాట్లాడటం మానమని నేను చెప్పను తల్లీ. ఆ తర్వాతి గంట గురించే మాట్లాడుకుందాం. పగలు చదివిందాన్ని మెదడు నిద్రలోనే సర్ది దాచుకుంటుంది, అందుకే గుర్తుండట్లేదు. అమ్మ ఫోన్ పెట్టేశాక ఫోన్ వేరే గదిలో పెట్టు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగి, చిన్న లైటులో ఏదైనా పుస్తకం చూడు, ఆవలింత వస్తేనే మళ్లీ ఎక్కు. పొద్దున్న లేచే వేళ మాత్రం రోజూ ఒకటే. పగలు కూడా ఏడుపొస్తోందా? దేని మీదా ఆసక్తి లేకుండా?

విద్యార్థిని: అప్పుడప్పుడండి.

డాక్టర్: అయితే 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమ్మకి సెలవు ఉంటుందా?

విద్యార్థిని: శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు. మిగతా రోజులు అయిదింటికే లేవాలండి అమ్మ.

డాక్టర్: అయిదింటికా? మరి పదిన్నర దాకా నీతో మాట్లాడాక వెంటనే పడుకుంటుందా?

విద్యార్థిని: ...తెలీదండి. ఎప్పుడూ అడగలేదు.

డాక్టర్: ఇవాళ అడుగు. ఇద్దరూ కలిసి శుక్రవారం పెద్ద ఫోన్, మిగతా రోజులు పది నిమిషాలు అని పెట్టుకోగలరేమో చూడండి. నువ్వు పగలు వాయిస్ మెసేజ్ పెట్టు, పని మధ్యలో వింటుంది.

విద్యార్థిని: వంట చేస్తూ వింటుందండి. ఇయర్‌ఫోన్ ఒకటే పనిచేస్తుంది, రెండోది పోయింది...

(లైన్ కట్ అయింది.)