టీకా వేయించినా కోడిపిల్లలు పోయాయి: కోడి పేగుల్లో ఏలికపాములపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. కోళ్లు పెంచే రైతు, పశువైద్యురాలు, కోళ్ల రోగనిరోధక శక్తి మీద పనిచేసే ప్రొఫెసర్ మనతో ఉన్నారు. ముందు రైతుగారు చెప్పండి, ఏం జరిగింది?

రైతు: నావి బయట తిరిగే కోళ్లండీ. కొక్కెర తెగులుకి, అదే వైరస్ వల్ల వచ్చే రాణీఖేత్ జబ్బుకి, టీకా వేయించాను. అయినా పిల్లలు వరసగా పోయాయి. టీకాయే నకిలీదేమో అనుకున్నా. చచ్చిన కోడిని మేడమ్ నా ముందే కోశారు. పేగుకి కత్తెర పెట్టగానే తెల్లటి పురుగులు, నా చూపుడు వేలంత పొడుగువి, ఉండలా బయటికి జారాయి. ఆ రోజు అన్నం తినలేకపోయా.

పశువైద్యురాలు: అవి అస్కారిడియా గాలై అనే ఏలికపాములు. ఆడది 7 నుంచి 11 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అయితే ఎక్కువ బాధపెట్టేవి ఆ కనిపించేవి కావు, కనిపించని పిల్లపురుగులు. రెట్టతో పడిన పురుగు గుడ్డులో, తేమా వెచ్చదనమూ ఉంటే, రెండు వారాల్లో లార్వా, అంటే పిల్లపురుగు, తయారవుతుంది. కోడి దాన్ని మింగితే అది చిన్నపేగు గోడలోకి దూరి కొన్నాళ్లు అక్కడే మకాం వేస్తుంది. పేగు వాస్తుంది, రక్తం కారుతుంది. ఆ పిల్లపురుగు పెరిగి గుడ్లు పెట్టే స్థితికి రావడానికి 5 నుంచి 8 వారాలు. అందాకా రెట్ట పరీక్షలో గుడ్లు కనిపించవు.

వ్యాఖ్యాత: కోడి ఒంట్లో సైన్యం ఏం చేస్తోంది సార్ అప్పుడు?

ప్రొఫెసర్: బాక్టీరియా అయితే ఒక కణం మింగేస్తుంది. వేలంత పురుగుని ఏ కణం మింగుతుంది? అందుకే గెంటేయడమే దారి. టి కణాలనే రక్షణ కణాలు పేగు పొరలోకి చేరి ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలు పంపుతాయి. పేగులో జిగురు పెరుగుతుంది, పురుగుకి పట్టు దొరకదు. రోగాన్ని పట్టుకునే యాంటీబాడీలనే ప్రొటీన్లూ పుడతాయి, కోడిగుడ్డు పచ్చసొనలోకీ చేరతాయి. కానీ అవి ఎక్కువున్న కోడిలో పురుగులు తక్కువుంటాయని చెప్పలేం. చాలా పురుగులు కొన్ని వారాల్లో వాటంతటవే బయటికి పోతాయి కూడా.

వ్యాఖ్యాత: మరి టీకా సంగతి?

ప్రొఫెసర్: అసలు చిక్కు అక్కడే. వైరస్ మీద పోరాటానికి కావాల్సింది వేరే దారి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో సంకేతం నడిపేది. శరీరం పురుగు వైపు మొగ్గితే ఆ దారి నెమ్మదిస్తుంది. ఏలికపాములున్న కోళ్లలో కొక్కెర తెగులు టీకాకి యాంటీబాడీలు తక్కువగా వచ్చినట్టు ప్రయోగాల్లో కనిపించింది.

పశువైద్యురాలు: సార్, మొత్తం పురుగుల మీదకి తోసేయకూడదు. టీకాని చల్లగా ఉంచకపోయినా ఇదే జరుగుతుంది.

ప్రొఫెసర్: ఒప్పుకుంటాను. (నవ్వు) మాట వచ్చింది కాబట్టి ఒకటి. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకి ‘బి’ అనే పేరు కోడి వల్లే వచ్చింది, దాని వెనకభాగంలో ఉండే బర్సా అనే సంచి నుంచి. యాంటీబాడీలకి అది అవసరమని 1956లో బ్రూస్ గ్లిక్ బృందం చూపించింది. మన ఇమ్యూనాలజీ, అంటే రోగనిరోధక శాస్త్రం, కోళ్లకి ఋణపడింది.

రైతు: నేను డీవార్మింగ్ చేశానండీ! టీకా వేసిన మర్నాడే పైపరజీన్ అనే పురుగుల మందు నీళ్లలో కలిపి పోశాను.

పశువైద్యురాలు: అదే వెనకా ముందూ అయింది. టీకాకి వారం పది రోజుల ముందే పోయాలి. పైగా ఆ మందు పెద్ద పురుగుల్నే పడగొడుతుంది. గోడలో దాక్కున్నవి తర్వాత పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి. నేల మీది గుడ్లు నెలల తరబడి బతుకుతాయి, వానపాములూ వాటిని మోస్తాయి.

రైతు: అయితే నెలనెలా పోసేస్తా.

ప్రొఫెసర్: వద్దండీ. ఒకే మందు పదేపదే వాడితే దానికి లొంగని పురుగులు మిగులుతాయి. మూడు నెలలు దాటిన కోడి చాలావరకు తట్టుకుంటుంది. చిన్నపిల్లల్నీ పెద్దకోళ్లనీ కలిపి ఉంచకపోవడమే ముందు చేయాల్సిన పని.

రైతు: మిగిలిన పన్నెండింటి సంగతి?

పశువైద్యురాలు: రేపు రెట్ట తీసుకురండి, గుడ్లు లెక్కపెట్టాకే మందు రాస్తాను. ఒక్క కోడిది కాదు, నాలుగైదింటిది కలిపి. తడి ఆరకముందే.