ఫ్లెక్సీ కన్నా చీటీ మేలు: గోదావరి జిల్లాల చిన్న వ్యాపారులకు

నమస్కారం. అమలాపురం, పాలకొల్లు, రావులపాలెం వంటి ఊళ్లలో కొత్తగా దుకాణం తెరిచినవారు చాలామంది ముందుగా సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టిస్తారు. దాని పక్కన పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకులకు స్వాగతాలు వచ్చి చేరాక, వారం తిరిగేసరికి దాన్ని చదివేవారు ఉండరు. ఆ ఖర్చులో చిన్న భాగంతో, ఇప్పటికే మన దగ్గర కొన్నవారినీ, వారి ద్వారా తెలిసినవారినీ పేరు పెట్టి పలకరిస్తే అంతకన్నా ఎక్కువ గిరాకీ వస్తుందని నా అభిప్రాయం.

ఇక్కడి ఆచారమే ఇందుకు దారి చూపుతుంది. పెళ్లి తరువాతా, ఆషాఢంలోనూ అమ్మాయి పుట్టింటి నుంచి వచ్చే సారె మిఠాయిలను అత్తవారు వీధిలో ఇంటింటికీ పంచుతారు. అంటే ఒక్క ఆర్డరుతో ఆ మిఠాయి, తయారుచేసినవారు ఎన్నడూ గడప తొక్కని ఇళ్లలోకి వెళుతుంది. తిన్నవారు బాగుందంటారు, ఎవరు చేశారో తెలియక అక్కడితో ఆగిపోతారు. అందువల్ల సారె పెట్టే పెద్దలను ముందుగా అడిగి, వారు సరేనంటేనే, ప్రతి పొట్లంలో ఒక చిన్న చీటీ ఉంచండి. పైన వధూవరుల పేర్లు, కింద మీ పేరు, ఫోన్ నంబరు, ఎన్ని రోజుల ముందు ఆర్డరు చెప్పాలన్న మాట ఉంటే చాలు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఊరి పేరును కాపాడుతుంది గాని, ఆ ఊరిలో ఎవరింటి రేకు పలుచగా, కమ్మగా ఉందో కొనేవారికి చెప్పదు. ఆ పని మీ చీటీయే చేయాలి.

ఇక వాట్సాప్ సంగతి. ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కొక్క దానిలో 256 మంది వరకు చేర్చుకోవచ్చు; అయితే మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. ఈ చిన్న విషయం తెలియక, పంపిన కబురు చేరిందనుకుని కూర్చునేవారు ఎందరో. కొన్నవారు ఫోన్‌పేలో డబ్బు కడుతున్నప్పుడు ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కనుక, నంబరు దాచుకోమని అడగడానికి అదే తగిన సమయం.

ఏమి పంపాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. "శుభోదయం" బొమ్మలు పంపకండి. కడియం నర్సరీలో మామిడి అంటు కొన్నవారికి కొన్నాళ్ల తరువాత "అండీ, మీరు తీసుకెళ్లిన అంటు చిగురు వేసిందా? ఆకుల మీద మచ్చలుంటే ఫొటో పంపండి" అని రాస్తే, వారు తప్పక బదులిస్తారు, ఆ మాటల్లోనే రెండో మొక్క బేరం కూడా రావచ్చు. జాకెట్లు కుట్టేవారు శ్రావణ ముహూర్తాలు మొదలయ్యే దాకా ఆగకుండా, పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనే పాత ఖాతాదారులకు ఫోన్ చేసి కొలతలు తీసుకుంటే, తరువాతి ఒత్తిడీ తగ్గుతుంది.

రెండుసార్లు పలకరించినా బదులివ్వనివారి పేరు జాబితా నుంచి తీసివేయండి. అరువు బాకీ ఉన్నవారికి కొత్త సరుకు కబురుతో పాటు బాకీ గుర్తుచేయకండి. ఆ మాట విడిగా, నలుగురూ లేనప్పుడు, నోటితోనే చెప్పండి.