ఒక్క బోరు, అనేక విభాగాలు: యూనివర్సిటీలో ఫ్లోరైడ్ ప్రాజెక్టు కట్టే పద్ధతి

(తెర మీద: నల్లగొండ జిల్లా పటం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాలు ఒక్కొక్కటిగా రంగు మారతాయి.)

నమస్కారం. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది. ఈ ప్రాంతంలో పీజీ చేస్తూ ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కునే విద్యార్థికి, బోరు నీళ్లలో ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. కెమిస్ట్రీ వాళ్లు బోరు నీళ్లు పరీక్షిస్తారు. సోషల్ వర్క్ వాళ్లు ఇంటింటి సర్వే చేస్తారు. ఎకనామిక్స్ వాళ్లు వైద్యం ఖర్చు లెక్కగడతారు. బయోకెమిస్ట్రీ వాళ్లు మూత్రం శాంపిళ్లు తీస్తారు. అన్నీ మంచి పనులే. కానీ ఎవరికి వారు చేస్తే, ఏ ఇల్లు ఏ బోరు నీళ్లు తాగుతుందో ఏ రిపోర్టులోనూ ఉండదు. అప్పుడు ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చదవడం సాధ్యం కాదు.

అందుకే పని మొదలయ్యేది ల్యాబులో కాదు, ఒక రిజిస్టరులో.

(తెర మీద: ఎక్సెల్ షీటు. మొదటి గడిలో "మర్రి-బో-07" అని టైపు అవుతుంది.)

ఊళ్లోని ప్రతి బోరుకూ, చేతిపంపుకూ, మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం) నల్లాకూ ఒక కోడు ఇవ్వండి. ఊరి పేరులో మొదటి అక్షరాలు, నీటి వనరు రకం, వరుస నంబరు, అంతే. మర్రి-బో-07 అంటే మర్రిగూడలో ఏడో బోరు. ఇంటికి మర్రి-ఇ-112. ఇంటి షీటులో తప్పనిసరిగా ఉండాల్సిన గడులు మూడు: తాగే నీళ్ల కోడు, వంట నీళ్ల కోడు, ఆ నీళ్లు ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారన్న సంగతి. అన్ని విభాగాలూ ఇదే కోడు వాడాలి. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే ఫైలులో, గైడు దగ్గర మాత్రమే ఉండాలి.

తాగే నీళ్లను, వంట నీళ్లను వేరుగా ఎందుకు అడగాలి? భగీరథ నీళ్లు వచ్చాక చాలా ఇళ్లలో రెండు రకాల నీళ్లుంటాయి. "మీరు ఏ నీళ్లు వాడుతున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే "నల్లా నీళ్లే" అనే జవాబు వస్తుంది. అదే "పెద్దమ్మా, పొద్దుగాల అన్నం ఏ నీళ్లతోటి వండినవ్? పప్పు ఏ నీళ్లల్ల ఉడకవెట్టినవ్? చేనుకాడికి పోతే ఏడ తాగుతవ్?" అని విడివిడిగా అడగండి. పప్పు ఉడకదని ఒక నీళ్లు, చాయ్‌కి మరో నీళ్లు, చెలక దగ్గర వ్యవసాయ బోరు నీళ్లు, అన్నీ బయటపడతాయి. ఎండాకాలంలో కూలి పనికి పోయే మనిషి చేను దగ్గర 4 లీటర్లు తాగారనుకోండి. ఆ బోరులో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, ఒంట్లోకి పోయింది 8 మిల్లీగ్రాములు. ఇంట్లో నల్లా ఉన్నా ఈ లెక్క మారదు.

(తెర మీద: భారత ప్రమాణాల సంస్థ బిఐఎస్ తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500. ఫ్లోరైడ్‌కు కోరదగిన పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీరు లేకపోతే 1.5 వరకు.)

ఇప్పుడు శాంపిల్. ప్లాస్టిక్ సీసాలే తీసుకోండి, గాజువి వద్దు. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. బోరును అయిదు నుంచి పది నిమిషాలు నడవనివ్వండి. పైపులో నిలిచిన నీరు పోయి భూగర్భ జలం రావాలి. అదే నీటితో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, అంచుదాకా నింపి మూత బిగించండి. పీహెచ్, విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత బోరు దగ్గరే చూడాలి. క్షారత అదే రోజు సాయంత్రం ల్యాబులో చూడాలి. కోడును సీసా ఒంటి మీద రాయండి. మూత మీద రాస్తే, ల్యాబులో పది మూతలు ఒకేసారి తీసినప్పుడు ఏది ఎవరిదో తెలియదు. ప్రతి పది శాంపిళ్లకూ ఒక బోరు నుంచి రెండు సీసాలు నింపి, రెండోదానికి వేరే నంబరు వేయండి. కొలిచే విద్యార్థికి అది జంట అని తెలియకూడదు. ఆ రెండు అంకెలు దగ్గరగా వస్తే మీ కొలతను నమ్మవచ్చు.

కొలత దగ్గర కాస్త ఆగుదాం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

(తెర మీద: ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, మాగ్నెటిక్ స్టిర్రర్, ప్లాస్టిక్ బీకరు. దగ్గరి షాట్.)

ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 0.221 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. దాన్ని పలచన చేసి లీటరుకు 0.5, 1, 2, 5, 10 మిల్లీగ్రాముల స్టాండర్డులు (ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) తయారు చేసుకోండి. 10 మిల్లీలీటర్ల శాంపిల్‌కు 10 మిల్లీలీటర్ల టిసాబ్ బఫర్ కలపాలి. స్టాండర్డుకూ అంతే. ఈ బఫర్ మూడు పనులు చేస్తుంది: పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలబెడుతుంది, అయాన్ల బలాన్ని అన్నిట్లో సమానం చేస్తుంది, అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. పీహెచ్ తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకట్టి ఎలక్ట్రోడ్‌కు కనిపించదు. పెరిగితే హైడ్రాక్సైడ్‌ను కూడా ఎలక్ట్రోడ్ ఫ్లోరైడే అనుకుంటుంది.

1 స్టాండర్డుకు, 10 స్టాండర్డుకు మధ్య ఎలక్ట్రోడ్ రీడింగ్ తేడా 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు ఉండాలి. 54 కంటే తక్కువ వస్తే ఆ రోజు శాంపిళ్లు పెట్టకండి. స్టాండర్డులు కొత్తగా చేయండి, ఎలక్ట్రోడ్ కొన తుడవండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే కొలవకూడదు. శాంపిల్, స్టాండర్డు ఒకే వేడిలో ఉండాలి, అందుకే మే నెలలో ల్యాబు 38 డిగ్రీలు ఉంటే రెండూ అక్కడే గంటసేపు ఉంచాలి. కొన కింద గాలిబుడగ చేరితే అంకె నిలవదు. ఎలక్ట్రోడ్‌ను కాస్త వంచి పెడితే బుడగ జారిపోతుంది.

ఫ్లోరైడ్ ఒక్కటే కొలిచి వదిలేయడం మన ప్రాంతపు రిపోర్టులలో పెద్ద లోటు. ఇక్కడి నేల గ్రానైట్, నీస్ రాళ్లది. బయోటైట్, హార్న్‌బ్లెండ్, ఎపటైట్, ఫ్లోరైట్ ఖనిజాలలోంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా పట్టి కిందికి దించేస్తుంది. బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం ముందే సున్నపురాయిగా పేరుకుపోయిన చోట ఫ్లోరైడ్‌ను ఆపేది ఉండదు. కాబట్టి కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ అన్నీ కావాలి. మిల్లీ ఈక్వివలెంట్లలో (అయాన్ బరువుతో పాటు దాని ఆవేశాన్నీ లెక్కలోకి తీసుకునే ప్రమాణం) ధనావేశాల మొత్తం, రుణావేశాల మొత్తం 5 శాతం తేడాలోపు కలవాలి. కలవకుండా ధనావేశం వైపు మిగులు తేలితే ముందు నైట్రేట్ సంగతి చూడండి. పశువుల కొట్టాల దగ్గరి బోర్లలో, యూరియా చల్లే పొలాల్లో అది గట్టిగానే ఉంటుంది. చాలామంది దాన్ని కొలవరు.

జియాలజీ విభాగం మీ యూనివర్సిటీలో లేకపోతే ఉస్మానియా వాళ్లను సహ గైడుగా అడగండి. బోరు లోతు, ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి అన్నది బోరు వేసిన రైతుకు గుర్తుంటుంది. అదీ షీటులోకి ఎక్కాలి.

(తెర మీద: కాలరేఖ. మూత్రం, పన్ను, ఎముక.)

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. ఇక్కడ అందరూ జారిపడే చోటు ఒకటుంది. పన్నెండేళ్ల పిల్లవాడి పళ్ల మీద గార చూసి, ఈ రోజు ఆ ఇంటి నల్లా నీటితో పోల్చుతారు. పంటి మీద కనిపించేది ఈ రోజు నీరు కాదు. శాశ్వత ముందు పళ్ల ఎనామెల్ నాలుగైదేళ్ల వయసుకల్లా తయారైపోతుంది. రెండో దవడ పన్ను ఎనామెల్ ఏడెనిమిదేళ్లకు పూర్తవుతుంది. ఆ వయసులో తాగిన నీరే ఆ పంటి మీద అచ్చు పడుతుంది. మూత్రంలో కనిపించేది నిన్నా మొన్నటి నీరు. ఎముకలో ఉన్నది దశాబ్దాల నీరు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన భగీరథ పథకం నీళ్లు ఒక్కో ఊరికి ఒక్కో ఏడాది చేరాయి. ఆ ఏడాది తెలియకుండా పళ్ల లెక్కకు అర్థం లేదు.

ఆ ఏడాది ఎవరు చెప్తారు? హిస్టరీ, తెలుగు విభాగాల విద్యార్థులు. చేదబావి ఎప్పుడు ఎండింది, మొదటి బోరు ఎప్పుడు పడింది, ఊరి పెద్దల దగ్గర కూర్చుని రికార్డు చేయాలి. "ఏ సంవత్సరం?" అంటే చెప్పలేకపోవచ్చు. "పెద్దబిడ్డ పెండ్లికి ముందా, తర్వాతనా?" అంటే ఠక్కున చెప్తారు. ఈ పనిని కొందరు అలంకారంగా చూస్తారు. నిజానికి ప్రాజెక్టు మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, పళ్ల మీద ఎంత ఉందో చూడటానికి డీన్ సూచిక వాడతారు. అందులో మామూలు నుంచి తీవ్రం దాకా ఆరు మెట్లు ఉంటాయి. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లను చూసి మెట్టు నిర్ణయిస్తారు. రెండూ సమానంగా లేకపోతే తక్కువ ఉన్నదాన్నే తీసుకోవాలి. దంతవైద్యులు లేకుండా విద్యార్థులు ఈ పని చేయకూడదు. ఫ్లోరోసిస్ గార ఎడమ, కుడి పళ్ల మీద ఒకేలా, అడ్డగీతల్లా ఉంటుంది. గుట్కా మరక చిగుళ్ల అంచున పేరుకుని గీకితే వస్తుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఇంటి తలుపు తట్టకముందే చేతిలో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదలా కావాలి. కమిటీ కూర్చోవడానికే నెల దాటవచ్చు. నాలుగో సెమిస్టర్‌లో చేతికి దొరికేది దాదాపు నాలుగు నెలలు. అందుకే దరఖాస్తు మూడో సెమిస్టర్ మొదట్లోనే వేయాలి. అప్పుడే వానాకాలం తర్వాతి శాంపిళ్లు నవంబరులో, ఎండాకాలం శాంపిళ్లు మేలో, ఒకే బ్యాచ్ చేతుల మీదుగా, అవే బోర్ల నుంచి తీయవచ్చు. ఊరి ఫ్లోరైడ్ అంకెకు సగటు బదులు మధ్యగతం, అంటే అంకెలన్నీ వరుసగా పేరిస్తే నడిమిది, రాయండి. రెండు మూడు బోర్లలో 6, 7 వస్తే సగటు ఊరంతటినీ తప్పుగా చూపిస్తుంది.

(తెర మీద: ఆరు బీకర్ల జార్ టెస్ట్.)

నీటిని శుభ్రం చేసే ప్రయోగం కూడా కావాలంటే, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్ మన జిల్లా పేరుతోనే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఇది. లీటరు నీటికి 10 గ్రాముల పటిక కరిగించిన ద్రావణంలో ఒక్కో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆరు బీకర్లలో లీటరు చొప్పున అదే బోరు నీళ్లు పోసి, పటిక 200 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా వంద చొప్పున పెంచండి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు. ఒక నిమిషం వేగంగా, పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా వదలాలి. పైన తేరిన నీటిలో ఫ్లోరైడ్, పీహెచ్, అల్యూమినియం మూడూ కొలవాలి. టిసాబ్ చాలకపోతే అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ మీటరుకు కనిపించదు, నీరు శుభ్రమైందని తప్పు రిపోర్టు వస్తుంది. అల్యూమినియానికి బిఐఎస్ గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. అది దాటితే ఆ మోతాదు పనికిరాదు.

ఫలితాలు వచ్చాక ఒక్కో బోరుకు ఒక్కో తెలుగు కాగితం రాసి పంచాయతీ కార్యదర్శికి, ఆశా కార్యకర్తకు ఇవ్వండి. బోరు ఎక్కడుందో గుర్తు, రెండు కాలాల అంకెలు, తాగవచ్చా, పశువులకూ కడుగుడుకూ మాత్రమేనా అన్నది రాయాలి. ఒక్కసారి కొలిచిన అంకెతో బోరును పనికిరాదనకండి, రెండోసారి చూశాకే రాయండి. కోడ్ల ఫైలు విభాగంలో ఉంచితే వచ్చే ఏడాది బ్యాచ్ మర్రి-బో-07 దగ్గరికే మళ్లీ వెళ్తుంది.