సాక్షి ఎవరు? మానవీయ శాస్త్రాల పరిశోధనలో భిన్న మార్గాలు

సభకు నమస్కారం.

కళలు, సాహిత్యం, చరిత్ర, సమాజం గురించి జరిగే పరిశోధన అంతటినీ మనం మానవీయ శాస్త్రాలు అనే ఒక్క పేరు కింద చేర్చి మాట్లాడుతుంటాం. అయితే శాసనం చదివేవారి పని వేరు, తాళపత్ర ప్రతులను సరిపోల్చేవారి పని వేరు, ఊళ్లు తిరిగి మాటలు సేకరించేవారి పని వేరు. ఈ పనులను విడదీసేది విషయం కన్నా ముందు సాక్ష్యం అని నా అభిప్రాయం. ఎవరి మాటను, ఏ వస్తువును సాక్ష్యంగా ఒప్పుకుంటున్నాం, దాన్ని ఎట్లా పరీక్షిస్తున్నాం అన్నదాన్ని బట్టి పరిశోధన స్వభావం ఏర్పడుతుంది. తెలుగువారి మధ్య జరిగిన కొన్ని పనుల ఆధారంగా ఈ మాటను వివరిస్తాను.

గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940) పర్లాకిమిడిలో చరిత్ర చెప్పిన ఉపాధ్యాయులు. ముఖలింగం ఆలయంలోని గాంగరాజుల శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను ఆయన స్వయంకృషితో నేర్చుకున్నారు. ఆ పక్క కొండల్లో ఉండే సవరల భాషను వారి నోటి నుంచే విని నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆ కొండల్లో తిరిగినప్పుడు వచ్చిన జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. బడి పుస్తకాలు వ్యావహారిక భాషలో ఉండాలని వాదించినప్పుడేమో ఆయన పూర్వుల వచన రచనలను వెతికి ఆధారాలుగా చూపించారు. రాయి, సవర మనిషి, పాత వచనం: ఈ మూడూ మూడు రకాల సాక్షులు. ఒక దాంట్లో పండితుడైనవాడు రెండో దానికి మళ్లీ విద్యార్థి కావలసిందే.

శాసనాల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ రంగం విలువను మన సమాజం ఇప్పటికే గుర్తించింది. కాకతి రుద్రమదేవి మరణకాలాన్ని నిర్ణయించడానికి మనకు దారి చూపినది నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. దాన్ని వేయించినది రాజు కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోక ప్రాప్తి కలగాలని చేసిన దానం గురించి రాయించినది. ఒక మహారాణి చరిత్రలో అతి ముఖ్యమైన తేదీ ఒక సామాన్య సైనికుడి భక్తి వల్ల మనకు మిగిలింది.

గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు చేసిన పని గురించి మాత్రం కొంత ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని సంగీత చరిత్రలో తలుచుకున్నంతగా పరిశోధన చరిత్రలో తలుచుకోవడం లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాధికాసాంత్వనము అనే శృంగార ప్రబంధం రాసింది. అది 1887లో అచ్చయింది. నాగరత్నమ్మ గారు వేరే గ్రంథంలో దాని ప్రస్తావన చూసి, అచ్చు పుస్తకం సంపాదించి, తరవాత రాతప్రతిని దానితో పోల్చి చూశారు. కొన్ని పద్యాలు అచ్చులో లేవు. కవయిత్రి తన వంశం గురించి, తన విద్వత్తు గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. అంటే కావ్యంతోపాటు దాన్ని రాసిన స్త్రీని కూడా ప్రచురణకర్తలు తొలగించారన్నమాట. నాగరత్నమ్మ గారు పూర్తి పాఠాన్ని సిద్ధం చేయగా 1910లో వావిళ్లవారు ప్రచురించారు. ఆ కావ్యాన్ని నిందించిన కందుకూరి వీరేశలింగం గారికి ఆమె తన ముందుమాటలోనే జవాబిచ్చారు: పురుషులు రాస్తే చెల్లిన శృంగారం స్త్రీ రాస్తే ఎందుకు చెల్లదని నిలదీశారు. మరుసటి సంవత్సరం నుంచే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించే చర్యలు చేపట్టింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో నిషేధం తొలగేసరికి మూడు దశాబ్దాలు దాటాయి.

ఇక్కడ జరిగినది పాఠపరిష్కరణ. ప్రతుల తేడాలు గుర్తించడం, లోపించినది ఏదో చూపడం, ఎందుకు లోపించిందో అడగడం పైకి ఎంతో నెమ్మదిగా సాగే గదిలోపలి పనిలా కనిపిస్తాయి. కానీ ఆ పనికి సర్కారు పుస్తకాలు జప్తు చేసే స్థాయిలో స్పందించింది. పరిష్కరణను సాహిత్య విభాగాల్లో ఇవాళ చిన్న పనిగా, పాతకాలపు పనిగా చూస్తున్నారు. ఆ చూపు సరైనది కాదని నేను గట్టిగా చెప్పదలిచాను. మూలపాఠం నమ్మదగినది కానప్పుడు దాని మీద ఎంత గొప్ప విమర్శ రాసినా నిలబడదు.

ఇంతకు పూర్తిగా భిన్నమైన పని భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనుకున్న మాండలిక వృత్తి పదకోశం. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వెలువడ్డాయి. తర్వాత ఇతర వృత్తుల సంపుటాలు ఇతర విద్వాంసుల చేతుల మీదుగా వచ్చాయి. కోశకారులు అంతకుముందు ఎక్కువగా కావ్యాల నుంచి పదాలు ఏరేవారు. ఈ కోశానికి ప్రమాణం రైతు మాట, నేతకారుడి మాట. కోస్తాలో నాగలి అనేదాన్ని రాయలసీమలో మడక అంటారు. దాని మేడి, కర్రు, నొగ వంటి భాగాలకు ఏ ప్రాంతంలో ఏ పేరుందో, మగ్గం మీద పడుగుకూ పేకకూ సంబంధించిన ప్రతి చిన్న పనికీ ఏ మాట వాడతారో, ఆ వృత్తిలో ఉన్నవారిని అడిగి నమోదు చేశారు. వినడంలో పొరపాటు జరిగితే సరిదిద్దే పుస్తకం వేరే లేదు కాబట్టి, సేకరించినవారు విన్నదాన్ని విన్నట్టు రాయడానికి ప్రత్యేకమైన శిక్షణ అవసరమయింది.

ఇట్లా పోగైన పదాలను పరిశీలించి కృష్ణమూర్తి గారు తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించి చూపించారు. ప్రాంతీయ భాషల గౌరవం గురించి మనం ఈనాటికీ చేసుకుంటున్న చర్చకు కొలవదగిన ఆధారం అక్కడ దొరికింది. ట్రాక్టర్ వచ్చాక మడకతోపాటు దాని భాగాల పేర్లు కూడా వాడుక తప్పాయి. ఇవాళ ఎంత నిధి ఇచ్చినా ఆ సేకరణను మొదటి నుంచి మళ్లీ చేయలేం.

నాట్యం దగ్గర సాక్ష్యం మరింత చిక్కుగా ఉంటుంది. నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయప సేనాని పదమూడో శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళినీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆశ్రయించారు. శిల్పం ఒక్క క్షణాన్నే పట్టి ఇస్తుంది. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు శరీరం ఎట్లా వెళ్లిందో రాయి చెప్పదు, శాస్త్రగ్రంథం కొంతవరకే చెబుతుంది. మిగతాది నర్తకుడు తన శరీరంతో పరీక్షించి నిర్ణయించుకోవాలి. ఇది పరిశోధనే, సందేహం లేదు. అయితే ఇటువంటి పనిలో ఏది గ్రంథం నుంచి వచ్చింది, ఏది శిల్పం నుంచి వచ్చింది, ఏది తమ ఊహ అన్నది పరిశోధకులు విడివిడిగా రాసి పెట్టాలి. లేకపోతే రెండు తరాల తర్వాత అంతా ప్రాచీనమే అనిపిస్తుంది.

ప్రజాజీవితానికి నేరుగా తగిలిన పరిశోధనకు ఆదిలాబాదు పెద్ద ఉదాహరణ. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమ్‌ను చంపిన తర్వాత, గోండుల అశాంతికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన గోండుల మధ్య నివసించి వారి గోత్రాలు, పురాణాలు, పండుగలు రాశారు. భూమి ఎట్లా చేజారుతున్నదో కూడా రాశారు. ఆ పని ఫలితంగా ఎందరో గోండులకు పట్టాలు వచ్చాయి, మర్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది. కాల్పులు జరిపిన ప్రభుత్వమే అధ్యయనం చేయించడంలో ఉన్న ఇబ్బందిని మనం దాచకూడదు. అట్లాగని ఆ అధ్యయనం చేసిన మేలును కొట్టివేయనూ కూడదు. ఆ తర్వాత చాలా కాలానికి అదే జిల్లా గుంజాల గ్రామంలో గోండుల సొంత లిపిలో ఉన్న రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటిని చదవగల పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. ఆ లిపికి 2018లో, కంప్యూటర్లలో లిపులను చూపే ప్రమాణమైన యూనికోడ్‌లో స్థానం లభించింది. పరులు రాస్తే తప్ప చరిత్ర లేదనుకున్నవారి ఇళ్లలో వారి రాతలే ఉన్నాయన్నమాట.

మౌఖిక చరిత్ర కూడా ఇటువంటి మలుపే తెచ్చింది. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి 1986లో వెలువరించిన సంపుటంలో, ఉద్యమం కోసం కన్నబిడ్డను వదులుకున్న తల్లి ఉంది, పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లమంటే కుంగిపోయినవారూ ఉన్నారు. ఏ పార్టీ దస్తావేజులోనూ ఇవి దొరకవు. జ్ఞాపకం తేదీల దగ్గర తడబడవచ్చు. అనుభవం విషయంలో దానికి ప్రత్యామ్నాయం లేదు.

ఇన్ని రకాల పనిని పత్రికల్లో అచ్చయిన వ్యాసాల సంఖ్యతో కొలవడం వల్ల మనకు జరుగుతున్న నష్టం కళ్లముందే ఉంది. పదేళ్లు పట్టే కోశానికీ, ఐదేళ్లు పట్టే పరిష్కరణకూ యువ పరిశోధకులు ఎందుకు పూనుకుంటారు? ఒక కావ్యపు శాస్త్రీయ పరిష్కరణను, ఒక వృత్తి పదకోశాన్ని, వివరణతో కూడిన ఒక మౌఖిక కథనాల సంపుటాన్ని డాక్టరేటు సిద్ధాంత గ్రంథంగా అంగీకరించాలని నేను కోరుతున్నాను. ఊళ్లలో చేసిన ధ్వనిముద్రణలు పరిశోధకుడి ఇంట్లో పాడైపోకుండా, మాట్లాడినవారి అనుమతితో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాలి, ఒక ప్రతి ఆ ఊరి బడికి అందాలి. రెండో పనికి డబ్బు, సిబ్బంది కావాలి. మొదటి దానికి పాఠ్యప్రణాళికా మండలి తీర్మానం ఉంటే వచ్చే విద్యా సంవత్సరం నుంచే ప్రారంభించవచ్చు.