కొట్టనన్నావుగా అమ్మా

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ వీబీఎస్‌లో, అంటే సెలవుల బైబిలు బడిలో, మన పిల్లలు నేర్చుకున్న కంఠత వాక్యాల్లో మత్తయి 5:37 ఒకటి. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను." ఇందాక బుజ్జి పిల్లలు కూడా తడుముకోకుండా అప్పజెప్పారు. ఇంటికెళ్లాక ఆ వాక్యం గతేమవుతుందన్నదే నా బెంగ. అందుకే ఈ సాయంత్రం పిల్లలతో కాదు, కన్నవాళ్లతో మాట్లాడాలనుకున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. మా పాపకు ఆరేళ్లు నిండిన కొత్తలో ఊరికి బయలుదేరాం. బస్సులో అయిదు దాటిన పిల్లలకు హాఫ్ టికెట్టు తీసుకోవాలి కదా. ఎక్కేముందే దాని చెవిలో ఊదాను, "కండక్టరు గారు అడిగితే నాలుగని చెప్పు" అని. ఆ వారమే పుట్టినరోజు చేశాం. తనకు ఆరొచ్చాయని వీధంతా చెప్పుకుని తిరిగిన పిల్ల అది. కండక్టరు అడగనే అడిగాడు. పాప నా మొహంలోకి చూసింది. నా కొంగు గట్టిగా పట్టుకుని, తలొంచుకుని, "నాలుగు" అంది. దిగేదాకా మళ్లీ నోరు విప్పలేదు. ఆ ఆదివారం సండే స్కూల్లో పది ఆజ్ఞలు చెబుతూ అబద్ధసాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. ముందు చాప మీద అదే కూర్చుని ఉంది.

ఆ రాత్రి నుంచి బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం నాకు వేరేగా కనబడుతోంది. గెరారు అనే చోట అబ్రాహాము ప్రాణభయంతో శారాను చెల్లెలన్నాడు. ఇద్దరి తండ్రీ ఒక్కడే కాబట్టి అందులో సగం నిజముంది, భార్య అన్న సగం దాచాడు. అప్పటికి ఆయన కొడుకు ఇస్సాకు పుట్టనే లేదు. అయినా పెద్దయ్యాక అదే గెరారులో, అదే భయంతో, తన భార్య రిబ్కా గురించి అదే మాటన్నాడు. ఈసారి ఆ సగం నిజం కూడా లేదు. ఇక ఇస్సాకు కొడుకు యాకోబు. అన్న ఏశావుకు దక్కాల్సిన ఆశీర్వాదం దొంగిలించబోయాడు. చూపు పోయిన తండ్రి "నీవెవరవు?" అంటే, "నేను ఏశావును" అన్నాడు. అన్నలా రోమాలున్న చేతులనిపించేలా మేకపిల్లల తోళ్లు ఆ చేతులకు కట్టింది ఎవరు? తల్లే! ఇంత త్వరగా వేట ఎలా దొరికిందిరా అని తండ్రి అంటే, నీ దేవుడైన యెహోవాయే రప్పించాడని ఆయన పేరు కూడా అబద్ధంలోకి లాగాడు. ఏళ్లు గడిచాయి. యాకోబు కొడుకులు తమ తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి, ఇది నీ కొడుకుదేనేమో గుర్తుపట్టమని తండ్రి ముందు పెట్టారు. మేకతో తండ్రిని మోసం చేసినవాడు, మేకతోనే కొడుకుల చేతిలో మోసపోయాడు. నాలుగు తరాలు, అమ్మా! వీళ్లు దేవుడు ఏర్పరచుకున్న కుటుంబం.

ఇంకో మాట. ఇది మన ఇళ్లలో రోజూ జరిగేదే. మా క్లాసులో ఒక బాబు కానుక కోసం ఇచ్చిన పది రూపాయలతో పుల్లఐసు కొనుక్కున్నాడు. "నిజం చెప్పు, కొట్టను" అంది వాళ్లమ్మ. పెదాల చుట్టూ ఎర్రరంగు ఇంకా ఆరనే లేదు. చెప్పేశాడు. చెప్పీ చెప్పగానే వీపు మీద దెబ్బ పడింది. "కొట్టనన్నావుగా అమ్మా" అని వాడు ఏడుస్తుంటే ఆ తల్లి దగ్గర జవాబు లేదు. ఆ రోజు మాట తప్పింది బాబు కాదు. వాడికి ఒక్కటే అర్థమైంది: ఒప్పుకుంటే దెబ్బలు పడతాయి.

మనం మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు "నమ్మదగినవాడును నీతిమంతుడును" అని యేసు శిష్యుడు యోహాను రాశాడు. ఒప్పుకున్నవాణ్ని క్షమిస్తానన్న మాట ఆయన తప్పడు. ఆ ధైర్యంతోనే కదా మనం రోజూ మోకరించేది? పిల్లలకు మన దగ్గర ఆ ధైర్యం లేకపోతే ఎలా? తప్పును వదిలేయమనడం లేదు. యేసును కలిసిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ బాబు కూడా తను దాచుకున్న చిల్లరలోంచి పది రూపాయలు తన చేత్తోనే కానుక సంచిలో వేస్తే చాలు.

యాకోబును యబ్బోకు ఏటి రేవు దగ్గర దేవుడు అడిగాడు, "నీ పేరేమి?" అని. ఇదివరకు తండ్రి అడిగితే అన్న పేరు చెప్పినవాడు, ఈసారి "యాకోబు" అన్నాడు. ఆశీర్వాదం అక్కడ దొరికింది, దొంగిలించకుండా.

నేను మా పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆ రోజు నీతో అబద్ధం చెప్పించాను, నాది తప్పు, నన్ను క్షమించమ్మా" అని అడిగాను. కన్నబిడ్డను క్షమాపణ అడగడం మనకు అలవాటు లేదు, నోరు రాదు. కానీ అడిగాను. తర్వాత బస్సెక్కినప్పుడు కండక్టరు ఇంకా అడగకముందే అది "నాకు ఆరు!" అని గట్టిగా చెప్పింది. హాఫ్ టికెట్టు తనే తీసుకుని దిగేదాకా గుప్పిట్లో పట్టుకుంది. చెమటకు అక్షరాలు చెరిగిపోయాయి. ఆ టికెట్టు ఇప్పటికీ దాని పిల్లల బైబిల్లోనే ఉంది.